ముత్యాలు మస్టరు

ముత్యాలు బొగ్గుబాయి నుంచి రిటైరై ఏడాది దాటింది గానీ, ఆ సంగతి ఆయనకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. తెల్లారకముందే లేచి, మంచం పక్కన నిలబడి, బాయిలో కార్మికుల హాజరు తీసినట్టే, భార్యను "సోమమ్మా!" అని మస్టరు పిలుస్తాడు. "హాజర్" అనాలట. ఆమె పలకదు, దుప్పటి ముసుగు తన్నుతుంది. కోడలు అరుణశ్రీ మాత్రం పాపం, "హాజర్ మామా" అని మళ్ళీ అటు తిరిగి పడుకుంటుంది. తర్వాత గ్యాసు పొయ్యి తనిఖీ, పప్పులో ఉప్పు మీద విచారణ. ప్రాణం విసిగిన సోమమ్మ భద్రాద్రి రాముడికి మొక్కుకుంది. "సామీ, రోజుకు నాలుగు గంటలు ఈయన్ను ఎటన్న తోలియ్యి. తలనీలాలిస్త."

మొక్కు సంగతి దాచి, దర్శనమని చెప్పి మొగుణ్ణి కారెక్కించింది. చీకట్లోనే బయల్దేరారు. కొడుకు ప్రేమ్‌సాగర్ దగ్గరి దారని ములకలపల్లి అడవిలోకి తిప్పాడు. అక్కడ టైరు పంక్చరైంది. స్టెప్నీ తీసి చూస్తే దాంట్లోనూ గాలి లేదు. వెనక సీట్లో ముత్యాలు హాయిగా గుర్రు కొడుతున్నాడు.

"అత్తా, అటు చూడు!" అంది అరుణశ్రీ.

చెట్ల మధ్య దీపాలు. మనిషెత్తున, ఊగుకుంటూ, వరసగా పోతున్నాయి. మాటా లేదు, మోతా లేదు.

"కొరివి దయ్యాలే," అంది సోమమ్మ.

"దయ్యాలేందమ్మా, డ్రోన్లు గావచ్చు," అని ప్రేమ్‌సాగర్ కారెక్కి తన వైపు తలుపుకు మాత్రం గడియ పెట్టుకున్నాడు.

ఈ గుసగుసలకు ముత్యాలు ఉలిక్కిపడి లేచాడు. నిద్రకళ్ళకు ఆ దీపాల వరస బాయి దిగే కార్మికుల టోపీ లైట్లలా కనిపించింది. "ఓర్నీ, షిఫ్టు దిగుతున్నరు! జల్దీ!" అంటూ దారికని కట్టుకున్న పులిహోర టిఫిన్ క్యారియర్ చేతబట్టి, ఎవరూ పట్టుకునే లోపే అడవిలో పడ్డాడు.

సోమమ్మ ఆకాశం వైపు చేతులు జోడించింది. "సామీ, నాలుగు గంటలన్న గదా! మొత్తానికే అన్ననా?" ఆయన బాయిలోకి దిగిన ప్రతిరోజూ పడ్డ భయం మళ్ళీ వచ్చింది. దయ్యాలకు చెప్పులంటే హడలని ఎవరో అనగా విన్నది కాబట్టి, రెండు చెప్పులూ చేతిలోకి తీసుకుని వట్టికాళ్ళతో పరుగెత్తింది.

తీరా చూస్తే అక్కడున్నవి ఇప్పచెట్లు. కింద రాలిన పువ్వు పశువుల పాలు కాకముందే ఏరుకుందామని ఊరివాళ్ళు నెత్తికి లైట్లు కట్టుకుని వచ్చారు. వాళ్ళ మధ్య ముత్యాలు వంగి ఏరుతున్నాడు. ఆ ముఖంలో వెలుగు చూసి ఏడాదైంది. సోమమ్మకు కళ్ళు నిండాయి, చెప్పులు జారిపోయాయి.

గంపతో ఒక పెద్దామె ఎదురొచ్చింది. పేరు కన్నమ్మ.

"నీ పెనిమిటేనా అక్కా? జల్ది తీస్కపో. పువ్వు మంచిగనే ఏరుతుండు గని, వచ్చిన కాన్నుంచి మా పేర్లడిగి పిలుసుడే పిలుసుడు. మా చెట్ల కింద మాకు హాజరేంది?"

దయ్యాలు కూడా వద్దన్న మొగుడు! సోమమ్మకు నవ్వాగలేదు.

"ఈ పువ్వు ఏరుడు అయిపోయేదాక ఉంచుకో చెల్లె, నీకు పుణ్యముంటది. ఆ టిఫిన్ల పులిహోర మీకే."

కన్నమ్మ గంప కిందికి దించింది. "గట్లయితే నువ్వు గూడ ఏరు. ఆయన పిలిస్తే నువ్వే పలుకు, మాతోని గాదు."

సోమమ్మ కొంగు బిగించి చెట్టు కింద కూర్చుంది. ముత్యాలు తల ఎత్తకుండానే పిలిచాడు.

"సోమమ్మా!"

ముసుగు తన్నడానికి అక్కడ దుప్పటి లేదు. ఉన్నా తన్నేది కాదు.

"హాజర్!" అంది, అడవంతా వినపడేలా.