అక్క టిఫిన్ బండికి కమాను కట్టలు

సోమవారం పదకొండు గంటలప్పుడు తగరపువలసలో మా కొట్లో ఉండగా అక్క ఫోనులో ఒక చిన్న వీడియో పంపింది. ఆవిడ టిఫిన్ ట్రైలర్ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. ఎడమ చక్రం పైన రేకు టైరుకి ఆనుకుని ఉంది. చివర్న గొంతొక్కటే వినిపించింది: "కమాను ఇరిగిపోనాది. రేపొద్దున్న గేటుకి బండెల్లాల. నువ్వు రా."

ఆ బండి రెండు చక్రాల రేకు పెట్టె. పాత జీపు వెనక తగిలించి బావ లాగుతాడు. ఉక్కునగరం గేటు బయట, పొద్దున్న షిఫ్టు ఎక్కేవాళ్ళూ రాత్రి షిఫ్టు దిగేవాళ్ళూ ఎదురుపడే చోట, రెండు కరెంటు స్తంభాల మధ్య తొమ్మిదేళ్ళుగా నిలబడుతోంది. ఆ చోటుకి కాగితం లేదు. రోజూ వచ్చేవాళ్ళదే చోటు. మూడు రోజులు ఖాళీగా కనిపిస్తే నాలుగో రోజు ఇంకెవరైనా నిలబడొచ్చు. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అక్కడ అందరూ పాటించే నియమం అది. అక్క కూడా ఆ చోటు అలాగే సంపాదించింది.

నన్నే ఎందుకు పిలిచిందంటే, మా ఇంట్లో బేరమాడేది నేను. నాన్నది కిరాణా కొట్టు, బాబాయిది చెప్పుల కొట్టు, మేనమామది స్టీలు సామాన్ల కొట్టు. మాకు నడక వచ్చేలోపే వచ్చిన చదువు ఒకటుంది. వస్తువు దేనికి కావాలో అమ్మేవాడికి చెప్పకూడదు. గంగాళం పెళ్ళికి కావాలంటే ఒక ధర, పశువులకి కుడితి పెట్టడానికంటే ఇంకో ధర. అందుచేత మా ఇంట్లో పెళ్ళిళ్ళన్నిటికీ కుడితి గంగాళాలే కొన్నాం. లేని పశువుల పేరు చెప్పి ఎంత మిగిల్చామో ఇప్పటికీ చెప్పుకుంటాం.

ఇరుసుకీ చాసిస్‌కీ మధ్య చెక్కముక్క కట్టి, ఖాళీ బండిని నెమ్మదిగా ఆటోనగర్ దాకా లాక్కొచ్చాడు బావ. నేను అక్కడికే వెళ్ళాను. ఎవరో చెబితే పాతబస్తీ నుంచి వచ్చి కమాన్లు కట్టే ఒక సాయిబుగారి షెడ్డు పట్టుకున్నాం. అరవై దాటిన మనిషి. గోడ పొడుగునా వెడల్పుల వారీగా ఇనప పట్టీలు పేర్చి ఉన్నాయి. ఇలాంటి పట్టీలు వంచి, ఒకదాని కింద ఒకటి పెట్టి, మధ్యలో బోల్టు బిగిస్తే ఒక కమాను కట్ట. అది ఇరుసు మీద కూర్చుని బండి బరువు మోస్తుంది.

ఆయన విరిగిన కట్ట వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"ఎంత బరువేస్తారు బాబూ?"

"బరువేం లేదండి. ఖాళీ బండే. నాలుగు గిన్నెలుంటాయి."

"నాలుగు గిన్నెలంటే?"

"రెండొందల యాభై కిలోలుంటుందేమో. అదీ పండగ రోజుల్లో."

బావ జీపు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. సాయిబుగారు బండిలోకి వంగి నేల మీద గుండ్రటి తుప్పు మరక చూశాడు. "ఇక్కడ డ్రమ్మేదో పెట్టినట్టుందే."

"ఖాళీ డ్రమ్మండి."

"ఖాళీ డ్రమ్ము రోజూ తిప్పుతారా?"

"అలవాటు."

ఆయన పట్టీ కొసల్లో గుండ్రంగా చుట్టిన ఒక చెవి నుంచి ఇంకో చెవికి దారం లాగి పొడవు కొలిచాడు. దారానికీ పట్టీకీ మధ్య వంపు స్కేలు పెట్టి చూశాడు. రెండు వైపులా మార్చాలన్నాడు. విరిగింది ఒక్కటే కదా, ఒక్కటే ఇవ్వమన్నాను.

"ఒక చెప్పు తెగితే కొట్టువాడు ఒకటే ఇస్తాడా?"

"మా బాబాయి కొట్లో ఇచ్చేవారండి."

"అచ్ఛా. ఇప్పుడుందా ఆ కొట్టు?"

"లేదు."

బావ నవ్వు ఆపుకోలేకపోయాడు. కొత్తదొకటీ పాతదొకటీ అయితే బండి ఎప్పుడూ ఒక పక్కకే కుంగుతుందని సాయిబుగారు విడమరిచి చెప్పాడు. నేను చెప్పిన బరువుకి నాలుగు పట్టీల కట్టలు రెండు ఇచ్చాడు. గంటసేపు వాదించి ధర బాగా తగ్గించాను. ఇరుసుని కట్టకి బిగించే యూ బోల్టులు కొత్తవి ఊరికే వేయించాను. సాయంత్రం అక్కకి ఈ కథ రెండుసార్లు చెప్పాను. రెండోసారి ధర ఇంకొంచెం తగ్గించి చెప్పాననుకుంటాను.

మంగళవారం తెల్లారగట్ల సామానంతా ఎక్కించారు. డ్రమ్ము నిండా నీళ్ళు పోశాక కట్టలు చదునయ్యాయి. పెనం, సిలిండర్లు ఎక్కాక వంపు అటుది ఇటు తిరిగింది. రెండు కిలోమీటర్లు వెళ్ళేసరికి టైరు రేకుకి రాసుకుని కాలిన వాసన. వెనక్కి తిప్పారు. ఇడ్లీలు మా అక్క వాళ్ళ సందులో పంచిపెట్టాల్సి వచ్చింది.

ఆ రోజే సాయిబుగారి దగ్గరకి వెళ్ళి నిజం చెబితే సరిపోయేది. అలా చేయడం నాకు తోచలేదు అంటే అబద్ధం. తోచింది. కానీ ఒకసారి చెప్పిన మాట మీద కొట్టువాడి ముందు వెనక్కి తగ్గితే తర్వాత బేరం ఎలా చేస్తాం? అదే ఆటోనగర్‌లో పాత బండ్లు విప్పి కిలోల లెక్కన అమ్మే వరస ఉంది. కిలోల లెక్క నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన భాష. చిన్న లారీవి, అదే పొడవు కట్టలు దొరికాయి. ఒక్కొక్క దానికి తొమ్మిది పట్టీలు, ఒక్కొక్క పట్టీ వేలు మందం. అదే డబ్బుకి రెట్టింపు ఇనుము. అక్కడి మెకానిక్కు చేతనే బిగించేయించాను.

"ఇది జన్మలో కుంగదు" అన్నాను బావతో.

"కుంగదు గాని, కదులుద్దా?" అన్నాడు.

కట్టలు కదల్లేదు. బుధవారం బండి వెనకే మోటారు సైకిలు మీద వెళ్ళాను. ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ట్రైలర్ మొత్తం చెక్కపెట్టెలా ఎగిరి పడుతోంది. మూడో దాని దగ్గర లోపల ఏదో గిన్నె బోర్లాపడిన చప్పుడైంది. బావ ఆపాడు. తలుపు తెరిచి ఉంది, అక్క బండి పక్కన నిలబడి ఉంది. పైటకీ జుట్టుకీ సాంబారు. తలుపు తీసినప్పుడు మీద పడిందనుకున్నాను.

"రెండ్రోజులైపోనాయి" అంది. "మద్దేనం ఆ సాయిబుగారి దగ్గరికి నాను వత్తాను."

"నేను మాట్లాడతానుగా."

"నువ్వు రా. మాటాడకు."

మధ్యాహ్నం ఆయన షెడ్డులో స్టూలు వేయించుకుని కూర్చుని అక్క లెక్క చెప్పింది. ఆయన ఇనప బల్ల మీద సుద్దముక్కతో రాసుకున్నాడు. నీళ్ళ డ్రమ్ము రెండొందల లీటర్లు, నిండా. నిండు సిలిండర్లు రెండు. పెనం, పొయ్యిలు. ఇడ్లీ పాత్రలు, పిండి, సాంబారు, చట్నీ. టీ సామాను, పాలు. స్టూళ్ళు, ప్లేట్లు. ఒక్కొక్కటీ ఎక్కడ పెడుతుందో కూడా చెప్పింది. నాకైతే మా కొట్టు తాళాలు తీసి ఇచ్చేస్తున్నట్టనిపించింది.

"మనుషులెవరైనా ఎక్కుతారా అమ్మా?"

"నాను. సాంబారు గిన్ని పట్టుకుని ఎనకాల కూకుంటాను. ఎవలో ఒకలు పట్టుకోకపోతే తొణికిపోద్ది."

ఆ సంగతి నాకప్పటిదాకా తెలియదు. తొమ్మిదేళ్ళుగా జీపులో ముందు సీటులో వెళ్తుందనే అనుకున్నాను. బావ వైపు చూస్తే ఆయన నేల వైపు చూస్తున్నాడు.

"నీ బరువెంత?" అన్నాడు సాయిబుగారు.

"అరవై రెండు."

ఆయన అది కూడా రాశాడు. పెట్టె బరువు కలిపి కూడితే ఏడొందల యాభై దాటింది. సుద్దముక్క కింద పెట్టి అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఎవరూ ఉన్నది ఉన్నట్టు చెప్పరు బాబూ. మీరు రెండొందల యాభై అంటే నాలుగొందలకి కట్టాను. మీరు ఇంత తగ్గిస్తారనుకోలేదు."

బండికున్న లారీ కట్టలు విప్పించాడు. కాలితో పక్కకి నెట్టాడంతే. సన్నటి పట్టీలే, ఏడేసి వేస్తానన్నాడు. మందం తగ్గి, లెక్క పెరిగితే కుంగకుండానే మెత్తగా ఊగుతుందట. కొత్తగా వంచి, కొలిమిలో కాల్చి పదునెక్కించాలి కాబట్టి రేపటికి గానీ కాదన్నాడు. అంటే మూడో రోజూ పోయినట్టే. మొదటి కట్టలు వెనక్కి తీసుకుని ధర చెప్పాడు. నేను అలవాటు కొద్దీ నోరు తెరిచాను.

"నోరుమూసుకోరా" అంది అక్క, ఆయన వైపే చూస్తూ.

గురువారం బిగించారు. రెండు వైపులా జాకీలతో బండిని ఎత్తి, కింద దిమ్మలు పెట్టి, కట్ట మధ్య బోల్టు తల ఇరుసు మీది గుంటలో కూర్చుందో లేదో ఆయనే వేలుతో తడిమి చూశాడు. యూ బోల్టులు మళ్ళీ కొత్తవే వేశాడు. ఒకసారి బిగించినవి సాగుతాయట. ఈసారి వాటికీ డబ్బిచ్చాం. జాకీలు దించాక తన కుళాయి నుంచే డ్రమ్ము నింపించాడు. మిగతా సామాను బరువుకి సరిపడా ఇనుము వేయించాడు. తర్వాత అక్కని ఎక్కి రోజూ కూర్చునే చోటే కూర్చోమన్నాడు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, లేని సాంబారు గిన్నె పట్టుకున్నట్టు కూర్చుంది. ఆయన టైరుకీ రేకుకీ మధ్య చెయ్యి అడ్డంగా పెట్టాడు. నాలుగు వేళ్ళు పట్టాయి. అప్పుడు నట్లు ఆఖరిసారి బిగించి, వారం తిరిగాక మళ్ళీ వచ్చి బిగించుకోమన్నాడు.

శుక్రవారం బండి చక్కగా వెళ్ళింది. స్పీడ్ బ్రేకర్ల మీద ఒకసారి వంగి, లేచి, నిలదొక్కుకుంటోంది. గేటు దగ్గరకి వెళ్ళేసరికి రెండు స్తంభాల మధ్య ఒకతను టీ బల్ల వేసి ఉన్నాడు. పాలు అప్పుడే పొంగుతున్నాయి.

ఇన్ని రోజులూ రానందుకు చెప్పడానికి నా దగ్గర మూడు కారణాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకదాంట్లో దగ్గరి బంధువు పోయాడు. అక్క నాకన్నా ముందే దిగింది.

"మూడు రోజులయ్యిందక్కా. ఇంక రారనుకున్నాను" అన్నాడతను.

"అయ్యింది. బండి కమాను ఇరిగిపోనాది. మా తమ్ముడు సాయిబుగారికి బరువు తప్పు సెప్పినాడు. అందికే ఇన్ని రోజులు."

అతను నన్ను ఒకసారి పైనుంచి కిందకి చూశాడు.

"మరిప్పుడేటి సేత్తాం అక్కా? నానూ పాలు పోయించుకున్నాను."

"నీది టీయేనా? టిఫినేమైనా సేత్తావా?"

"టీయే."

రాత్రి షిఫ్టు వాళ్ళు అప్పుడే బయటికి వస్తున్నారు. అతను బల్ల ఒక స్తంభం వైపుకి జరిపాడు. బావ ట్రైలర్‌ని మిగిలిన చోట్లోకి వెనక్కి పెట్టాడు. అక్క బండిలోంచి టీ కాచే గిన్నె, గ్లాసుల ట్రే, పాల క్యాను ఒక్కొక్కటే దించి నా చేతికిచ్చి జీపులో పెట్టమంది. పెట్టాను.

ఇడ్లీలు తొమ్మిదింటికి అయిపోయాయి. తిన్నవాళ్ళంతా చేతులు కడుక్కుని టీకి పక్క బల్ల దగ్గరకి వెళ్ళారు. టిఫిన్ మీద ఖర్చులు పోతే మిగిలేది తక్కువని, ఇన్నేళ్ళూ ఇల్లు నడిచింది టీ మీదనని అక్క నాతో అనలేదు. తిరిగి వెళ్తున్నప్పుడు బావ చెప్పాడు, జీపు నడుపుతూ, నా వైపు చూడకుండా.