సైకిలు దిగని గ్రామసేవకుడు

గజపతినగరం వైపు మా ఊళ్లకు తిరిగే గ్రామసేవకుడు సైకిలు దిగేవాడు కాదు. ఒక కాలు నేలకు ఆనించి, పంట సంగతి కాకుండా, "రేత్రి ఏటి తిన్నారు?" అని అడిగేవాడు. ఆ కరువేడు మా వీధిలో అందరిదీ ఒకటే జవాబు: మామిడి టెంకల అంబలి. విని, తల దించుకుని పెడలు తొక్కేవాడు.

తొలకరికి పంచాయతీ సమితి ఆఫీసు నుంచి కొత్తరకం పొట్టి వరి విత్తనాలు తెచ్చాడు.

"పొట్టిదైతే ఎడ్లకి గడ్డేదీ?" అని మా నాయనమ్మ కసిరింది.

"ముందు మీరు తినండమ్మా. ఎడ్ల సంగతి తరవాత సూద్దాం."

ఆ ఏడు గాదె నిండింది. కోతలయ్యాక ఒక ఉదయం వచ్చి అదే ప్రశ్న వేశాడు.

"నీ పొట్టి బియ్యమే. సద్దికి గులకరాళ్లయిపోతన్నాది. అయితేనేటి, కడుపు నిండతన్నాది," అంది నాయనమ్మ.

ఆయన పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"నవ్వింది సాల్లే. రేత్రి నువ్వేటి తిన్నావు?"

అద్దెగదిలో ఒంటరిగా వండుకునే మనిషి. కాసేపు సైకిలు బెల్లు గోకి, "అటుకులమ్మా," అన్నాడు.

నాయనమ్మ లోపలికెళ్లి గిన్నెడు చద్దన్నం, ఉల్లిపాయ తెచ్చి అరుగు మీద పెట్టింది.

అప్పుడు తెలిసింది మాకు, ఆ సైకిలుకి స్టాండు ఉందని.