పుట్టగొడుగు అడుగున

పెనుకొండ బస్టాండు పక్క టింబర్ డిపోలో వానకు తడిసిన మొద్దుల వాసన తగలగానే నాకు సరోజమ్మ మేడం గుర్తొచ్చింది. చేతిలో ఫోన్, ఫోన్లో నా ఎమ్మెస్సీ రిజల్టు. ఫస్ట్ క్లాస్! మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. నాయన మగ్గం ఆపి ఆ మాట ఫోన్లోనే మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.

మేడం హిందూపురంలో మాకు డిగ్రీలో బాటనీ చెప్పేది. ధర్మవరం నుంచి రోజూ రైల్లో వెళ్లేదాన్ని. మొదటి ఏడాది ఆ ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక, చదువు మానేసి అమ్మతో పాటు దారం చుట్టుకుంటానని ఇంట్లో చెప్పేశాను. పెనుకొండ కొండకు క్లాసంతా వెళ్లిన రోజే కాలేజీలో నా ఆఖరి రోజనుకున్నాను.

కొండ మీద పడిపోయిన ఎండు చెట్టుకు విసనకర్రల్లాంటి పుట్టగొడుగులు వరుసగా మొలిచి ఉన్నాయి. అవి ఏ రకమని మేడం అడిగింది. పోయేముందు ఒక్కటైనా సరిగ్గా చెప్పాలని, పుస్తకంలో బొమ్మ చూసిన ధైర్యంతో, ట్రామెటీస్ అన్నాను. ఏం చూసి అనుకున్నావని అడిగితే, పైన రంగురంగుల అంచులున్నాయని చెప్పాను.

"ధర్మవరం పాప కదా, యాడ చూసినా చీరంచే కనపడతాది" అన్నాడు వెనకనుంచి ఒకడు. అందరూ నవ్వారు.

మేడం నవ్వలేదు. "మీ నాయన చీరను పైపైన చూసి మడిచేస్తాడా?" అంది.

"లేదు మేడం. తిరగేస్తాడు. దారం యాడ తేలిందో అడుగునే తెలుస్తాది."

"మరి దీన్ని?"

ఒకటి విరిచి తిప్పాను. ట్రామెటీస్‌కు అడుగున సన్న బెజ్జాలుండాలి. ఇక్కడ పలచటి రేకులు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. "బెజ్జాలు లేవు మేడం. పడుగు దారాల మాదిరి రేకులుండాయి."

అయితే ఇది లెంజైటిస్ కావచ్చని, పైనుంచి చూస్తే రెండూ అక్కచెల్లెళ్లేనని, ల్యాబ్‌లో చూశాకే ఖాయం చేద్దామని మేడం చెప్పింది. నా మాటను ఉన్నదున్నట్టు రాసుకోమని అందరికీ చెప్పింది. తెలుగులోనే రాయాలా అని ఇందాక చీరంచని ఎగతాళి చేసినవాడే అడిగాడు.

"ఆ పాప చెప్పినట్లే రాయప్పా. ఇంగ్లీషు తర్వాత దొరుకుతాది."

సోమవారం పొద్దున నేను మళ్లీ కాలేజీకి రైలెక్కాను.

ఇప్పుడు బస్టాండులోనే నిలబడి మేడంకు ఫోన్ చేసి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. "మీ నాయనను పిలుచుకొని మా ఇంటికి రామ్మా" అంది.

తప్పు చెప్పిన మనిషి కూడా ఏదో ఒకటి చూసే ఉంటాడు. అదేమిటో మేడంలా అడగకుండా నేను ఇప్పటికీ ఎవరినీ దిద్దలేను.