వేరే ఆకు ముట్టని పురుగులు

మా అమ్మాయి పోయింది. ఈ పరాయి దేశంలో, పామర్‌స్టన్ నార్త్ ఊరి ఆసుపత్రిలో జ్వరం తగ్గుతోందన్నారు, ఇంటికి పంపిస్తామన్నారు. తెల్లారేసరికి మా అల్లుడు ఫోన్ చేసి, "అత్తయ్యా" అంటూనే ఏడ్చేశాడు. నాకు అర్థమైపోయింది. పరామర్శకు వచ్చిన మీ అందరికీ దండాలు. పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, తోచినట్టు రాస్తున్నాను.

దానిది పురుగుల చదువు. మా అద్దె ఇంటి గుమ్మం పక్కన జూనిపర్ పొద ఉంది. సరుగుడాకులా సన్నం, కానీ గుచ్చుకుంటుంది. చిన్న చిన్న పురుగులు ఆ ఆకుల్ని దారాలతో అల్లుకుని, లోపల కూర్చుని తినేవి. నేను చీపురు తీసుకుని వెళ్తే అడ్డం పడేది.

"అమ్మా, వాటికి తెలిసిన అన్నం ఇదొక్కటే. వేరే ఆకు పెడితే ముట్టవు, మాడి చస్తాయి."

"అబ్బో, అంత టెక్కా?"

"పప్పు లేకపోతే నీకు ముద్ద దిగదు కదా, మరి అదేంటో! ఉండు, రెక్కలొచ్చాక నీకే మొదట చూపిస్తా."

యూనివర్సిటీ నుంచి రాగానే బ్యాగైనా దించకుండా పొద దగ్గర గొంతుక్కూర్చునేది. టీ అక్కడికే పట్టుకెళ్లి ఇచ్చేదాన్ని. చల్లారిపోయాక తాగేది.

కర్మలయ్యాక ఒక సాయంత్రం అల్లుడు పురుగుల మందు డబ్బా తెచ్చాడు.

"అత్తయ్యా, రేపు ఇంటివాళ్లు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారు. పురుగులు పట్టి పొదంతా ఎండిపోతోంది. ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతాం?"

"అది నాకు చూపిస్తానంది బాబూ."

"తను లేదు కదా అత్తయ్యా!"

అంత గట్టిగా అతను ఎప్పుడూ అరవలేదు. నేను కదల్లేదు. పొదకు వీపు ఆనించి నిలబడ్డాను, జాకెట్టులోంచి ముళ్లు దిగుతున్నా సరే.  అతను డబ్బా కింద పెట్టి, లోపలికి వెళ్లి కత్తెర తెచ్చాడు.

గూళ్లున్న కొమ్మలన్నీ కోశాం. గిన్నెలో నీళ్లు పోసి అందులో నిలబెట్టి, వడియాల మీద కప్పే పల్చటి పంచె కప్పాను. ఇన్‌స్పెక్షన్ గడిచిపోయింది. మాకు మాత్రం భయం పోలేదు. ఆకు వాడుతోంది. పురుగులు కదలడం మానేశాయి. చంపేశామేమో అనుకున్నాను. రోజూ అల్లుడే నీళ్లు మార్చేవాడు.

నిన్న ఉదయం వంటింట్లోంచి పిలిచాడు. "అత్తయ్యా, మెల్లగా రండి."

పంచె లోపలివైపు, వేలిగోరంతైనా లేని గోధుమరంగు రెక్కల పురుగు. రెక్కల అంచున సన్నటి తెల్లగీత. బయట ఎండగా ఉంది. కిటికీ తీసి దాన్ని వదలడానికి మా ఇద్దరికీ చేతులు రాలేదు.