ఐదుకి ఒకటిన్నర

స్టీల్‌ప్లాంటు షిఫ్టుల్లో నాకు ఆదివారం సెలవు పడటమే గగనం. పడిన రోజున ఇంటిల్లిపాదీ ఓ కుటుంబకథా చిత్రానికి వెళ్లాం. ఆన్‌లైన్‌లో సినిమాలని చీల్చి చెండాడే మా తమ్ముడూ వచ్చాడు. ఇంటర్వెల్‌లో అమ్మ దాచి తెచ్చిన జంతికలు పంచుతుంటే, వాడు ఫోన్‌లో తీర్పిచ్చేశాడు: 'పాత చింతకాయ పచ్చడి. ఐదుకి ఒకటిన్నర.'

"ఇంకా సగం ఉంది కదరా," అన్నాను.

"ఏటుంటాది అన్నయ్యా, ఏడుపే కదా," అన్నాడు.

వందమందిని నరికితే కళ, అన్నదమ్ములు మాట్లాడుకుంటే చాదస్తం. ఇదీ ఈ మేధావుల కొలబద్ద.

సెకండాఫ్‌లో తండ్రీకొడుకులు ఒకే కంచంలో తింటుంటే పక్కన ఎవరో ముక్కు చీదారు. చూస్తే మావాడే, అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఇంటికొచ్చి ఫోన్ చూశాను. ఒకటిన్నర అలాగే ఉంది. కింద ఇంకో వాక్యం చేర్చాడు: 'ఎమోషన్ అస్సలు పండలేదు.'