ఒకటి దుమ్ముకు, ఒకటి లెక్కకు

ఆర్మూరులో పసుపు సీజన్ మొదలైందంటే ఊరంతా దగ్గుతుంది. మార్కెట్ యార్డులో కుప్పలు పోస్తారు, డ్రమ్ములు తిప్పుతారు. ఆ దుమ్ము అన్నంలోకీ, మంచినీళ్లలోకీ, ఉతికి ఆరేసిన బట్టల్లోకీ చేరుతుంది. లక్ష్మీనర్సయ్య సారు మాత్రం తన టైపు ఇన్‌స్టిట్యూట్‌ను ఏరికోరి పసుపు కమీషన్ దుకాణం మీది అంతస్తులోనే పెట్టాడు, అద్దె తక్కువని. ఇదేం చోటు సారూ అని ఎవరైనా అడిగితే, "దుమ్ముల నేర్సుకున్నోడు యాడనైనా కొడ్తడు" అని ఛాతీ విరుచుకునేవాడు.

ఆ మాటను ఆశమ్మ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది పాపం, ఆమెకు వేరే దారి ఉంటే కదా!

ఆశమ్మ పుట్టింది భీమ్‌గల్ దగ్గర పల్లెలో. పదో తరగతి పాసైన సంబరం తీరకముందే భూపతికిచ్చి ఆర్మూరు పక్కనున్న పెర్కిట్‌కు పంపారు. భూపతి నెమ్మదస్తుడు, భార్య మీద కేక వేసి ఎరగడు. పసుపు డ్రమ్ము తిప్పడం అతని పని. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములు డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు రాలి నిగనిగలాడతాయి. రాలిన పొట్టు ఎక్కడికి పోతుంది? తిప్పేవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొమ్ముల మెరుపు చూసి ధర కట్టే పెద్దమనుషుల్లో ఒక్కరైనా తిప్పినవాడి ముఖం చూసిన పాపాన పోలేదు. కొన్నేళ్లకే భూపతికి మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. నిజామాబాద్ దవాఖానలో డాక్టరు ఆశమ్మను పక్కకు పిలిచాడు.

"ఇంక డ్రమ్ము దగ్గరికి పోనియ్యకమ్మా. పోతే మనిషి దక్కడు."

ఆ మాట విన్న వారంలోనే ఆశమ్మ ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కింది. లంగా ఓణీల పిల్లల మధ్య ముప్పై దాటిన మనిషి, వేళ్లు కలుపు తీసి మొద్దుబారినవి. పిల్లలు కిసకిసలాడేవారు. ఆమె పట్టించుకోలేదు. టైపు పరీక్షల్లో లోయరు పాసైంది, హయ్యరు పాసైంది. పైన ఆమె కొడుతుంటే కింద దుకాణం అరుగు మీద భూపతి కూర్చుని ఆ టకటక వినేవాడు.

తొంభై ఒకటిలో హైదరాబాద్‌లోని ఒక ఆఫీసు నుంచి ఉద్యోగాల ప్రకటన పడింది. లెక్కలు కట్టి టైపు చేసే మనిషి కావాలి. చిత్రం ఏమంటే ఆ కొలువు పేరే 'కంప్యూటర్'. ధాన్యం నిలవ చేసే, పొడవూ వెడల్పూ లోతూ సమానమైన తొట్ల ఘనపరిమాణం ఇస్తారు. ఘనమూలం కట్టి తొట్టి భుజం ఎంతో తేల్చి, పట్టికగా టైపు కొట్టాలి. ఆశమ్మకు వయసు రీత్యా అదే ఆఖరి అవకాశం. అది దొరికితే భూపతి మళ్లీ డ్రమ్ము ముట్టనక్కర్లేదు. దొరకకపోతే ఏమిటన్నది మొగుడూ పెళ్లాలిద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

ఘనమూలం అంటే సారుకు ప్రాణం. టైపు మిషనుకు ఆ గుర్తు లేదు. రోలరును అర లైను తిప్పి పైన మూడు కొట్టి, మిగతాది సిరాతో గీయాలి. ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఒక్క కాలిక్యులేటర్‌కూ ఆ మీట లేదు, వర్గమూలం మీట ఒక్కటే ఉంది. అయినా సారు దగ్గర కిటుకుంది. అంకె కొట్టి వర్గమూలం రెండుసార్లు తీయాలి. వచ్చినదాన్ని అసలు అంకెతో గుణించి మళ్లీ రెండుసార్లు తీయాలి. జవాబు కదలకుండా నిలిచేదాకా అదే పని. వచ్చినవాడికల్లా ఇది చేసి చూపించి ఆ మీటను అరగదీశాడు మహానుభావుడు. దానికి తోడు పసుపు దుమ్ము దూరింది. మొదటి నొక్కు పట్టదు, రెండోది పడుతుంది. విప్పి పాత బ్రష్షుతో తుడిస్తే పోయేదానికి ఆయన ఒక సూత్రం కట్టాడు.

"రూటు మీట ఎప్పుడైనా రెండు నొక్కులు నొక్కాలె. ఒకటి దుమ్ముకు, ఒకటి లెక్కకు. యాదికుంచుకోర్రి!"

అంటే రెండు మూలాలకు నాలుగు నొక్కులు. అదీ కళ్లు కాగితం మీదే ఉంచి, కాలిక్యులేటర్ వైపు చూడకుండా. టైపు నేర్చినవాళ్లకు చేతుల వైపు చూడటం నామోషీ అని సారు గట్టి నమ్మకం. ఆశమ్మ వేళ్లకు నాలుగు నొక్కులు ఎంత అలవాటయ్యాయంటే, అన్నం ఉడికేలోపు గోడ మీద కూడా అలాగే కొట్టేది.

పరీక్షకు ముందు డ్రమ్ముల మేస్త్రీ రాజేశ్వర్ ఇంటికొచ్చాడు.

"సీజను షురువైంది భూపతీ. వస్తవా, ఇంకొకన్ని పెట్టుకోవాల్నా?"

"మా ఆశమ్మ పరీక్ష రాసి రానియ్యన్నా. ఇయ్యాల్నో రేపో తేలుతది" అన్నాడు భూపతి. అంటూనే దగ్గాడు.

హైదరాబాద్ పరీక్ష గదిలో కిటికీలు మూసి ఉన్నాయి, బల్లలు అద్దాల్లా ఉన్నాయి. అందరికీ కొత్త కాలిక్యులేటర్లు పంచారు. మొదటి లెక్క చూడగానే ఆశమ్మకు ప్రాణం లేచొచ్చింది. 1728. సారు రోజూ చూపించే అంకె, జవాబు పన్నెండు. కళ్లు కాగితం మీదుంచి నాలుగు నొక్కులు నొక్కింది, గుణించింది, మళ్లీ నాలుగు. తీరా చూస్తే 1.64.

మళ్లీ చేసింది. 1.64. మీట పట్టలేదేమోనని ఇంకా గట్టిగా నొక్కింది. అదే. కాపలా సారును పిలిచింది. ఆయన తొమ్మిది కొట్టి మీట ఒక్కసారి తాకాడు, మూడొచ్చింది.

"మంచిగనే ఉన్నది కదమ్మా" అని వెళ్లిపోయాడు.

మంచిగానే ఉంది తల్లీ, అదే కదా నీ కర్మ! ఆయన ఒక్క నొక్కే నొక్కడం ఆమె కళ్ల ముందే జరిగింది. భయపడ్డ మనిషికి కళ్లెదుటిది కనబడితే ఇంకేం కావాలి? ఆమె మళ్లీ నాలుగేసి నొక్కులు నొక్కుకుంటూ పోయింది. చెమటకు వేళ్లు జారుతున్నాయి. చివరికి అందాజుగా గుణించి చూద్దామనుకుంది, అప్పటికి పట్టిక కొట్టడానికే టైము మిగిలింది. పట్టిక టైపు కొట్టింది, గుర్తులు అచ్చుగుద్దినట్టు గీసింది. పన్నెండు ఒక్కటి తప్ప జవాబుల గడులన్నీ ఖాళీ. బెల్లు కొట్టినప్పుడు ఆ తెలుపును చూసి ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో పాత కాలిక్యులేటర్ ముందు కూర్చుంది. నాలుగేసి నొక్కులు, గుణకారం. సరిగ్గా పన్నెండు దగ్గరకొచ్చి నిలిచింది.

"చూసినవా, మనది అబద్ధం ఆడదు" అన్నాడు సారు.

ఈసారి ఆశమ్మ కాలిక్యులేటర్ వైపు చూస్తూ నొక్కింది. మొదటి నొక్కుకు అంకె కదలలేదు. రెండో నొక్కుకు కదిలింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"సారూ, ఒకటి దుమ్ముకు అంటిరి" అంది. "గాడ దుమ్ము లేకుండె సారూ. నాలుగు నొక్కులూ లెక్కకే పడ్డయి."

లక్ష్మీనర్సయ్యకు అర్థం కావడానికి కాస్త పట్టింది. అయ్యాక కాలిక్యులేటర్‌ను తిరగేసి బల్లకేసి తట్టాడు. సందుల్లోంచి పచ్చటి దుమ్ము రాలింది. ఆయన దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఆమె మెట్లు దిగింది. కింద అరుగు మీద భూపతి లేచి నిలబడి ఆమె ముఖం చూశాడు.

తెల్లారి అతను డ్రమ్ము దగ్గరికి బయల్దేరాడు. ఆశమ్మ తన పాత చీర చింపి అతని ముక్కుకూ నోటికీ చుట్టింది. ఒక చుట్టు చుట్టి, మళ్లీ చుట్టింది.

"రెండెందుకే? ఊపిరాడుతలేదు" అన్నాడు భూపతి గుడ్డలోంచి.

ఆమె గుడ్డ ముడి గట్టిగా బిగించింది. అతని వీపు మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది. కాసేపటికి యార్డు వైపు నుంచి డ్రమ్ము తిరిగే చప్పుడు మొదలైంది. గుమ్మం చెక్క మీద ఆమె వేలు నాలుగు నొక్కులు నొక్కింది.