ముందు నీళ్ళడుగు

మొన్న ఒక మధ్యాహ్నం, ఇక్కడ ఫిజీలో, నాడీ ఊరి దగ్గర కొత్తగా చెరకు వేసుకున్న ఒక ఇంటికి వెళ్ళాను. వాళ్ళ ఆడపిల్లల్ని మా బడికి పంపమని అడగడం నా పని. ఇంటావిడ గుమ్మంలోకి వచ్చి, నా చీరనూ సంచినీ ఒకసారి చూసి, ఏం కావాలన్నట్టు గడ్డం ఎగరేసింది. మంచినీళ్ళు కావాలన్నాను. చెంబుతో తెచ్చింది. మొదటి గుక్కలోనే ఆ వాసన తగిలింది. కిరసనాయిలు డబ్బాను బూడిదతో ఎన్నిసార్లు తోమినా, ఎన్ని ఎండల్లో బోర్లించినా, అందులో నిలవ చేసిన నీళ్ళకు ఒక పలచని వాసన ఉంటుంది. ఒకప్పుడు కూలీ లైన్లలో, అంటే తోట కూలీలుండే వరస గదుల్లో, తాగే నీళ్ళన్నిటికీ అదే వాసన. ఇప్పుడు చాలా ఇళ్ళకు బిందెలు వచ్చాయి. ఆ వాసన తగిలి ఎంతో కాలమైంది. చెంబు దించబోతుంటే వెనక నుంచి ఎవరో నా డొక్కలో వేలితో పొడిచినట్టయింది. "దించబాక పిల్లా, పూర్తిగా తాగు" అన్న గొంతు కూడా వినిపించింది. అక్కడ ఎవరూ లేరని నాకు తెలుసు. చెంబు ఖాళీ చేసి ఆవిడకిచ్చాను.

ఆ వేలు శాంతమ్మత్తది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి చెబుతాను. నెల్లూరు నుంచి భర్తతో కలిసి గిర్మిట్ మీద వచ్చింది. అంటే, ఐదేళ్ళు తోటలో పనిచేస్తామని వేలిముద్ర వేసి ఓడ ఎక్కినవాళ్ళలో ఒకతె. భర్త మధ్యలోనే పోయాడు. ఆమె మాత్రం చెరకు సాళ్ళలో కలుపు తీసి తన గడువు పూర్తి చేసి, మా క్రైస్తవ మిషన్‌లో చేరింది. రారవాయి చక్కెర మిల్లు కూత మాకు వినిపించేది, అంత దగ్గర. లైన్లకు తిరిగి ఆడవాళ్ళతో మాట్లాడడం, వాళ్ళు వింటామంటే వాక్యం చదివి వినిపించడం ఆమె ఉద్యోగం. పొట్టి మనిషి, లావు మనిషి. నడకలో మాత్రం నన్నెప్పుడూ వెనకే వదిలేసేది. పేరుకు శాంతమ్మ గానీ ఆమెకు కోపం వస్తే మిషన్ పెరట్లో కోళ్ళు చెట్టెక్కేవి. నశ్యం అలవాటు మిషన్ నడిపే దొరసానికి తెలియదనుకునేది. దొరసానికి తెలుసు.

నేను చిన్నప్పటి నుంచీ నోరు లేనిదాన్ని. అమ్మానాన్నలు లైనులో జ్వరంతో పోతే మిషన్ పిల్లల ఇల్లు నన్ను పెంచింది. దొరసాని ఇంగ్లీషు నేర్పింది, తన పుస్తకాల బీరువా తాళంచెవి నా చేతికిచ్చింది. పుస్తకాలతో, నా డైరీతో నాకు ఎంతసేపైనా గడిచిపోయేది. మనుషుల ముందు మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. పదిహేడో ఏట నన్ను శాంతమ్మత్తకు జతగా లైన్లకు పంపే మాట వచ్చినప్పుడు దొరసానే సందేహించింది. "సుగుణ ఇస్త్రీ బాగా చేస్తుంది. ఆ పనిలోనే ఉండనిద్దామా?" అంది. శాంతమ్మత్త నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇస్త్రీ ఎవురైనా చేస్తారు. దీన్ని నాకియ్యండమ్మా" అంది. నాలో ఏం చూసి అడిగిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మొదటి రోజు సంచిలో కరపత్రాలు, చేతిలో కాచి చల్లార్చిన నీళ్ళ సీసా పట్టుకుని బయల్దేరాను. లైన్లలో విరేచనాల జబ్బు ఎక్కువ, ఆ నీళ్ళు ముట్టవద్దని దొరసాని గట్టిగా చెప్పింది. దారంతా మొదటి ఇంట్లో చెప్పాల్సిన మాటలు లోపల వల్లె వేసుకున్నాను. తీరా మొదటి గుమ్మం దగ్గర శాంతమ్మత్త దేవుడి ఊసే ఎత్తలేదు. మెట్టు మీద చతికిలబడి, కొంగుతో విసురుకుంటూ, "అమ్మా, కాసిని నీళ్ళు పొయ్యి తల్లీ" అంది. మిషన్‌లో కలిసినవాళ్ళ చేతికి ఆ ఇంటివాళ్ళు తమ గిన్నె ఇవ్వరు. పైనుంచి ధారగా పోశారు. ఆమె దోసిలి పట్టి, మోచేతుల దాకా కారుతుంటే, చప్పుడు చేస్తూ తాగింది. నాకు ముఖం మండిపోయింది. నా వంతు వచ్చినప్పుడు, "వద్దండీ, నా దగ్గర ఉన్నాయి" అని సీసా చూపించాను.

ఇంటావిడ చెంబు దించేసింది. "ఓహో, దొరసానిగారి చెల్లెలా?" అని పక్క గది వైపు కేకేసింది. "ఒసే, ఇలా రావే! నల్లదొరసాని వచ్చింది. నీళ్ళు కూడా ఇంటి నుంచే మోసుకొచ్చుకుంది పాపం!"

లైను మొత్తం నవ్వింది. ఆ పూట మరే గుమ్మమూ మమ్మల్ని పలకరించలేదు. తిరిగి వస్తూ శాంతమ్మత్త నా సీసా లాక్కుని నీళ్ళన్నీ చెరకు మొదట్లో పారబోసింది.

"వాళ్ళు మన చేతికి గిన్నె కూడా ఇవ్వలేదు అత్తా."

"ఇయ్యకపోతే? దోసిలి లేదా నీకు?"

"మనం వాళ్ళకు మంచి చెప్పడానికి వెళ్ళాం కదా."

"ఎవురడిగారు నిన్ను మంచి? పొద్దస్తమానం వాళ్ళకు చెప్పేవాళ్ళే. సర్దారు చెప్తాడు, దొర చెప్తాడు. మనం గూడా పోయి చెప్తే ఎట్టా? ఆ గదుల్లో ఇంకొకరికి ఇయ్యడానికి ఉండేది ఏందీ? నీళ్ళు. అయి పుచ్చుకున్నాకనే మనతో మాట." కాసేపు నడిచి, కాస్త మెత్తబడింది. "నాకు మాట్లాడను రాదని ఏడస్తావు గదా. మాట్లాడమని ఎవురన్నారు? అడుగు. అడగడానికి ఒక్క మాట చాలు."

దొరసాని చెప్పిందీ నిజమే. కొద్దిరోజులకే నేను మంచం పట్టాను. శాంతమ్మత్త పక్కన కూర్చుని వాము నమిలించి, మజ్జిగన్నం పిసికి పెడుతూ, "కడుపు గట్టిపడాల. గట్టిపడినాక రాళ్ళు తిన్నా అరుగుతాయి" అని ఒకటే నవ్వు. దొరసాని ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టింది. శాంతమ్మత్త తలవంచుకుని అన్నీ విని, మర్నాడు మళ్ళీ మొదటి గుమ్మంలోనే దోసిలి పట్టింది. ఈసారి పక్కన నేనూ పట్టాను. దానికి తోడు, ఈ దీవుల అసలు మనుషులైన ఫిజీవాళ్ళు కూడా నాకు అదే పాఠం చెప్పారు. మా దారిలో వాళ్ళ పల్లె ఒకటి ఉండేది. వచ్చిన మనిషిని చాప మీద కూర్చోబెట్టి ముందు యంగోనా ఇస్తారు. వేరు దంచి నీళ్ళలో పిసికిన, బురద రంగు పానీయం. శాంతమ్మత్త కొబ్బరి చిప్ప అందుకుని, వాళ్ళలాగే చప్పట్లు చరిచి, ఒక్క గుక్కలో తాగి నావైపు తిరిగేది. "చూసినావా? వీళ్ళకీ తెలుసు. ముందు తాగాల, ఆమైన మాట." తర్వాత మూతి తుడుచుకుని, "దొరసానికి చెప్పబాక" అనేది.

ఇదంతా ఆమె తమాషా అనుకునే ఉండేదాన్నేమో, సింహాచలం తలుపు చూడకపోయి ఉంటే. సింహాచలం బొబ్బిలి వైపు నుంచి వచ్చిన పడుచు. ఆ లైనులో మిగతా అందరిదీ హిందూస్తానీ. ఆమెకు తెలుగు తప్ప మరొకటి రాదు. భర్తను వేరే తోటకు మార్చారు. ఒక శనివారం మేము లైనులో అడుగు పెట్టగానే కూలీలను పనికి తోలే సర్దారు ఎదురొచ్చి, ఆమె గది వైపు చేయి చూపించాడు. "ఆ మద్రాసీది కామ్‌చోర్. ఒట్టి పనిదొంగ. వారం నుంచీ పనిలోకి రాదు, తలుపు తీయదు. సోమవారం కులంబర్ కోర్టుకు పేరు పంపుతాడు. జైల్లో కూర్చుని నిద్రపోనీ." కులంబర్ అంటే తోట మీద పెత్తనం చేసే తెల్లదొర. పనిలోకి రాకపోతే ఆ రోజుల్లో కోర్టూ జైలూ తప్పవు. ఆమెకు ఏడాది నిండని పాప ఉందని మాకు తెలుసు. తల్లిని తీసుకుపోతే ఆ పాప గతేమిటో సర్దారు చెప్పలేదు.

శాంతమ్మత్త వెళ్ళి ఆ మెట్టు మీద కూర్చుంది. "అమ్మా, కాసిని నీళ్ళు."

"నేవు. ఎల్లిపోండి," అని లోపలి నుంచి గొంతు.

"నీళ్ళు లేని ఇల్లుంటాదా తల్లీ. ఎండన పడి వచ్చినాం."

తర్వాత, "మీదే ఊరు?" అని అడిగింది ఆ గొంతు. తెలుగు విని ఎన్నాళ్ళయిందో.

"నెల్లూరు. నీదో?"

"బొబ్బిలి కాడ."

తలుపు బెత్తెడు తెరుచుకుంది. రేకు ముంత పట్టుకున్న చేయి ఒకటి బయటికొచ్చి నీళ్ళు పోసింది. శాంతమ్మత్త దోసిలి పట్టి తాగింది. "ఇంకాసిని" అంది. తాగింది. మళ్ళీ "ఇంకాసిని" అంది. ఆ చేయి లోపలికి పోయి ముంత నింపుకుని వస్తున్నకొద్దీ తలుపు మరికాస్త తెరుచుకుంటోంది. లోపల గోనెపట్టా మీద పాప కనిపించింది. ముఖం ఎర్రగా, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. శాంతమ్మత్త పాప వైపు చూడనే లేదు. చూసి ఉంటే ఆ తలుపు మూసుకుపోయేది. అంత నీళ్ళూ ఆమె దాహానికి తాగడం లేదని నాకప్పుడు తెలిసింది.

చివరికి సింహాచలానికే నవ్వొచ్చింది. "ఏటమ్మా, ఏరంతా తాగీసినావు!" అంది. నవ్వుతూనే ఏడుపులోకి దిగింది. పాపకు జ్వరం. ఆసుపత్రికి చెబితే పాపను తీసుకుపోతారని, తనను పనిలోకి తోలతారని భయం. పక్క గది మనిషి బిడ్డను అలాగే తీసుకుపోయారట, ఆ బిడ్డ తిరిగి రాలేదట. "నా గుంటని ఎవులికీ ఇవ్వను. జైలుకేస్తే ఇద్దరం కలిసే పోతాం" అంది.

శాంతమ్మత్త లేచి, చీర దులుపుకుని, నావైపు తిరిగింది. "పోయి దొరతో చెప్పిరా."

"నేనా? నువ్వెళ్ళు అత్తా."

"నాకూ ఆయనకీ పడదు. ఆ మధ్య ఒక కూలివాణ్ణి కొట్టినాడని వరండాలో నిలబడి నాలుగు మాటలన్నా. మళ్ళా మెట్టెక్కితే కుక్కను వదుల్తానన్నాడు. నీకు ఇంగ్లీషుంది, పో."

"నాకు నోరు రాదు."

"రాకపోతే నీళ్ళడుగు."

దొర బంగళా దాకా నడుస్తూ, పుస్తకాల్లో చదివిన గొప్ప వాక్యాలన్నీ పేర్చుకున్నాను. న్యాయం, దయ, తల్లి హృదయం. వరండాలో ఆయన బూట్లు విప్పి, కాళ్ళు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. కుక్క గుర్రుమంది. "ఏం కావాలి?" అన్నాడు. పేర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ మిగల్లేదు. "అయ్యా, తాగడానికి కాసిని నీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాను, ఇంగ్లీషులో.

ఆయన నన్ను వింతగా చూసి, లోపలికి కేకేసి గాజు గ్లాసుతో నీళ్ళు తెప్పించాడు. నీళ్ళిచ్చాక ఎంత దొరైనా తాగేదాకా ఆగాలి. నేను పూర్తిగా తాగాను, నిదానంగా. కుక్క నా పాదాలు వాసన చూసి పడుకుంది. ఈలోగా ఆయనకే ఉండబట్టలేదు. "ఎక్కడి నుంచి నడిచొచ్చావు? ఎందుకు?"

అప్పటికి నాకు ఊపిరి అందింది. చెప్పడం మానేసి అడిగాను. "లైనులో ఒక పసిపాపకు జ్వరం. మీరు వచ్చి చూస్తారా?"

"ఆ మనిషి పని ఎగ్గొడుతోందని సర్దారు చెప్పాడే?"

"ఒక్కసారి చూస్తారా అయ్యా?"

ఆయన ఏదో గొణుక్కుంటూ మళ్ళీ బూట్లు తొడుక్కున్నాడు. విప్పిన బూట్లు తొడుక్కోవాల్సి వచ్చినందుకు తిట్టిన తిట్లు నేను డైరీలో రాయలేదు. లైను దగ్గర శాంతమ్మత్తను చూసి, "ఇదీ ఇక్కడే ఉందా!" అన్నాడు. ఆమె పక్కకు తిరిగి నశ్యం పీల్చింది. ఆయన గుమ్మంలోంచి పాపను చూశాడు. చూశాక సర్దారు మీద అరిచాడు. పాపను ఆసుపత్రికి పంపమన్నాడు. సింహాచలం పాపను గుండెకు అదుముకుని గోడకు ఆనుకుపోయింది. అప్పుడు నేను మరొక్కటి అడిగాను. "తల్లిని కూడా పాప దగ్గరే ఉండనిస్తారా?" ఆయన గడియారం తీసి చూసుకుని, "జ్వరం తగ్గేదాకా. ఒక్క పూట కూడా ఎక్కువ కాదు" అన్నాడు. సోమవారం కోర్టుకు ఆమె పేరు పోలేదు. ఆయన మంచివాడైపోయాడని నేను అనుకోలేదు. ఆ రోజు అడిగినదానికి అవునన్నాడు, అంతే.

పాప బతికింది. కొన్నాళ్ళకు మిషన్‌కు వచ్చిన సింహాచలాన్ని చూసి, ఆమె మాలో కలుస్తుందా అని దొరసాని ఆశగా అడిగింది. ఆమె కలవలేదు, ఈనాటికీ కలవలేదు. చంకలో పాపతో మెట్టు మీద కూర్చుని, చెమట తుడుచుకుని, "సుగుణమ్మా, కాసిని నీళ్ళు పొయ్యి" అంది. నేను గ్లాసుతో తెచ్చాను. ఆమె గ్లాసు అందుకోలేదు, దోసిలి పట్టింది. నేను పైనుంచి పోశాను. "ఇంకాసిని" అంది. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. పాప తడి చేతుల కోసం ఎగబడింది. ఆ పాపే ఇప్పుడు మా బడిలో అందరికంటే గట్టిగా పాఠం అప్పజెప్పే నీలమ్మ.

శాంతమ్మత్త ఊరికి తిరిగి వెళ్ళే ఓడ ఎక్కిన రోజు, నా పాత సీసా నింపి ఆమెకివ్వబోయాను. "ఓడలో ఎవర్ని అడుగుతావు అత్తా?" అన్నాను. "అంతమంది ఉన్నారు గదా ఓడలో, అడగడానికే" అని సీసా నా చేతికే తిరిగిచ్చింది. ఇన్ని పుస్తకాలు చదివే పిల్లకు ఇంకా అర్థం కాలేదా అన్నట్టు ఒక చూపు చూసి, వెనక్కి తిరక్కుండా నిచ్చెనెక్కింది. నాకు అర్థమైంది. చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. అడగడానికి సిగ్గుపడుతూ కూడా అడిగే మనిషి కావాలని ఆమె నన్ను ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి తీసుకెళ్ళింది.

ఇప్పుడు ఇళ్ళకు పంపే కొత్త పిల్లలు నా దగ్గరికి వస్తారు. వాళ్ళలో ఒక్కతైనా నాలాగే నేల చూపులు చూస్తూ, "అక్కా, వాళ్ళింట్లో ముందు ఏం చెప్పాలి?" అంటుంది. నేను గేటు దగ్గర ఆ పిల్ల నీళ్ళ సీసా తీసుకుని, తిరిగొచ్చాక ఇస్తానంటాను. దానికి బదులు కొంగు చివర ఇంత వాము ముడివేసి పంపిస్తాను.